జట్టుకీ బదిలీ వచ్చింది
(ఒక ఫుట్‌బాల్ క్లబ్బు కథ నుంచి ఇంటిల్లిపాదికీ జమాఖర్చుల పాఠం)

బ్యాంకు ఉద్యోగుల ఇళ్లలో 'బదిలీ' అన్న మాటకు వివరణ అక్కర్లేదు. ఆర్డరు వచ్చిన రాత్రి అన్నం దగ్గర ఎవరూ ఎక్కువ మాట్లాడరు. తర్వాత స్కూలు, గ్యాసు కనెక్షను, సామాన్ల లారీ అంటూ పనులు మొదలవుతాయి, బాధ వెనక్కి వెళ్తుంది. మేమూ అలాగే 2023లో హైదరాబాద్ నుంచి ఢిల్లీ వచ్చి మయూర్ విహార్ ఫేజ్-1లో దిగాం. అప్పటికి మా అబ్బాయికి పదమూడేళ్లు. వాడు తన బ్యాగులో అన్నిటికంటే పైన పెట్టుకున్నది హైదరాబాద్ ఎఫ్‌సీ పసుపు జెర్సీ.

2025 అక్టోబరులో ఒక సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేసరికి వాడు మాట్లాడకుండా కూర్చుని ఉన్నాడు. పరీక్షల సంగతేమో అనుకున్నాను. కాదు. హైదరాబాద్ ఎఫ్‌సీ ఇక హైదరాబాద్‌లో ఉండదట. స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అనే పేరుతో ఢిల్లీకి వచ్చేస్తోందట.

"మంచిదే కదరా! నువ్వు వచ్చిన ఊరికే నీ జట్టూ వచ్చింది" అన్నాను.

"మనం బదిలీ మీద వచ్చాం నాన్నా. మన పేరు మారలేదు. మనల్ని ఎవరైనా అడిగితే ఇప్పటికీ హైదరాబాద్ వాళ్లమనే చెప్తాం. జట్టుకి అదీ లేకుండా పోయింది" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. మేనేజ్‌మెంట్ చదివాను, పదిహేనేళ్లకు పైగా అప్పుల ఫైళ్లు చూశాను. అయినా ఒక క్లబ్బు ఎందుకు చితికిపోతుందో, దాన్ని ఊరు దాటించే హక్కు ఎవరిదో పిల్లాడికి అర్థమయ్యేలా చెప్పలేకపోయాను. తర్వాతి కొన్ని ఆదివారాలు మా పాకెట్‌లోని పార్కులో ఇదే చర్చ. కేరళ బ్లాస్టర్స్ అభిమాని అయిన మా పక్క ఫ్లాట్ మలయాళీ మిత్రుడు, ఇక్కడే పుట్టి పెరిగిన పైఅంతస్తు పెద్దాయన, మా అబ్బాయి, నేను. ఆ చర్చల్లో తేలిన విషయాలే ఈ వ్యాసం. ఫుట్‌బాల్ తెలియనివారు కూడా చదవవచ్చు. ఇందులో ఆట కంటే జమాఖర్చులే ఎక్కువ.

ఆరేళ్ల కథ

2019 ఆగస్టులో ఇండియన్ సూపర్ లీగ్‌లో రెండు మార్పులు జరిగాయి. పుణే సిటీ క్లబ్బు మూతపడి, దాని స్థానంలో హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చింది. విజయ్ మద్దూరి, వరుణ్ త్రిపురనేని దాని తొలి యజమానులు. అదే నెలలో ఢిల్లీ డైనమోస్ క్లబ్బు ఢిల్లీ వదిలి భువనేశ్వర్ వెళ్లి ఒడిశా ఎఫ్‌సీ అయింది. అంటే హైదరాబాద్‌కు జట్టు వచ్చినప్పుడు పుణేలో ఎవరో ఏడ్చారు. ఆ నెలలోనే ఢిల్లీలోనూ ఏడ్చారు. మా పైఅంతస్తు పెద్దాయన వారిలో ఒకరు. నెహ్రూ స్టేడియంలో డైనమోస్ ఆటలు చూసిన మనిషి. కొత్త జట్టు వార్త విని ఆయన అన్నమాట ఇది: "మా సామాను ఎవరో పట్టుకుపోయారు. ఇప్పుడు ఇంకెవరి సామానో తెచ్చి మా గుమ్మంలో దించారు."

హైదరాబాద్ ఎఫ్‌సీ మొదటి సీజను పట్టికలో ఆఖరి స్థానంతో ముగిసింది. రెండో ఏడాది స్పెయిన్ కోచ్ మనోలో మార్కెజ్ వచ్చాడు, జట్టు అయిదో స్థానానికి ఎదిగింది. మూడో ఏడాది, 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్డాలో ఫైనల్. ఎదురుగా కేరళ బ్లాస్టర్స్. 68వ నిమిషంలో కేరళ గోల్ వేసింది. ఇక అయిపోయిందనుకున్న వేళ 88వ నిమిషంలో సాహిల్ తవోరా దూరం నుంచి కొట్టిన బంతి వలలో పడి స్కోరు సమమైంది. పెనాల్టీల్లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి అడ్డుగోడలా నిలబడ్డాడు. 3-1 తేడాతో హైదరాబాద్ ఛాంపియన్. ఆ రాత్రి సంగతి ఎత్తితే మా మలయాళీ మిత్రుడు ఇప్పటికీ మాట మార్చేస్తాడు.

మరుసటి ఏడాది 2022-23లో జట్టు లీగ్ దశలో రెండో స్థానంలో నిలిచింది. సరిగ్గా ఆ తర్వాతి సీజన్లో, 2023-24లో, 22 ఆటల్లో ఒకే ఒక్క గెలుపు, మొత్తం 8 పాయింట్లు, ఆఖరి స్థానం. జీతాలు ఆగిపోయాయి. బకాయిల కారణంగా కొత్త ఆటగాళ్లను నమోదు చేసుకోకుండా ఫిఫా నిషేధం విధించింది. సీజను మధ్యలోనే ఆటగాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. కుర్రాళ్లతో, ఉన్నవాళ్లతో కోచ్ థాంగ్‌బోయ్ సింగ్టో బండి లాగాడు. 2024లో బి.సి. జిందాల్ గ్రూపు క్లబ్బును తీసుకుంది. 2024-25లో జట్టు 13 క్లబ్బుల్లో 12వ స్థానంలో నిలిచింది. 2025లో ఢిల్లీకి మారింది.

ఛాంపియన్ కావడానికీ, జీతాలు ఇవ్వలేకపోవడానికీ మధ్య రెండేళ్లు కూడా లేవు. మా అబ్బాయి మొదటి ప్రశ్న ఇదే: "గెలిచిన జట్టుకి డబ్బులు ఎలా అయిపోతాయి నాన్నా?"

కప్పు వేరు, నగదు వేరు

ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు. హైదరాబాద్ ఎఫ్‌సీ రచ్చ గెలిచింది కానీ ఇంట గెలిచే అవకాశమే దానికి దక్కలేదు. కోవిడ్ కారణంగా 2020-21, 2021-22 సీజన్లు మొత్తం గోవాలోనే జరిగాయి. ఛాంపియన్ అయిన ఏడాది గచ్చిబౌలి స్టేడియంలో జట్టు ఒక్క లీగ్ ఆట కూడా ఆడలేదు. రెండు సీజన్లపాటు సొంత ఊళ్లో టికెట్ల అమ్మకం లేదు, స్టేడియంలో జెర్సీ కొనే కుటుంబం లేదు, చుట్టుపక్కల స్కూలు పిల్లలకు ఆ జట్టు కంటికి కనిపించలేదు. జట్టు బలపడుతున్న రోజుల్లోనే ఊరితో బంధం అల్లుకునే సమయం చేజారిపోయింది.

బ్యాంకు భాషలో చెప్పాలంటే కప్పు అనేది పేరు, ప్రతిష్ఠ. జీతం ఇవ్వాల్సింది మాత్రం నగదుతో. ఒక వ్యాపారికి ఊరంతా మంచి పేరు ఉండవచ్చు. కానీ నెలాఖరుకు ఖాతాలో డబ్బు లేకపోతే ఆ పేరు మీద చెక్కు చెల్లదు. పైగా గెలుపుతో ఖర్చు కూడా పెరుగుతుంది. బాగా ఆడిన ఆటగాడు వచ్చే ఏడాది ఎక్కువ జీతం అడుగుతాడు, అది న్యాయమే. ఇవ్వకపోతే వేరే క్లబ్బు ఇస్తుంది.

వేళ్ల మీద ఒక లెక్క

పిల్లలకు అర్థం కావడానికి ఒక ఊహా క్లబ్బు తీసుకుందాం. ఇవి ఏ నిజమైన క్లబ్బు అంకెలూ కావు, లెక్క పద్ధతి చూపడానికి మాత్రమే.

ఆటగాళ్లు, కోచ్‌లు, సిబ్బంది జీతాలు నెలకు కోటిన్నర అనుకుందాం. విమానాలు, హోటళ్లు, మైదానం అద్దె, వైద్యం కలిపి నెలకు మరో 50 లక్షలు. నెలకు 2 కోట్లు, ఏడాదికి 24 కోట్లు.

ఇక రాబడి. లీగ్ నుంచి వచ్చే వాటా, స్పాన్సర్లు కలిపి 12 కోట్లు. సొంత ఊళ్లో 10 ఆటలు, ఆటకు 5,000 మంది, టికెట్టు 200 రూపాయలు. 10 × 5,000 × 200 అంటే కోటి రూపాయలు. మొత్తం 13 కోట్లు.

లోటు 11 కోట్లు.

"స్టేడియం నింపితే సరి!" అన్నాడు మా అబ్బాయి. సరే, జనాన్ని రెట్టింపు చేశాం. టికెట్ల రాబడి 2 కోట్లు అయింది. లోటు ఇంకా 10 కోట్లు. "కప్పు గెలిస్తే?" అన్నాడు. 2021-22లో సూపర్ లీగ్ కప్పు విజేతకు బహుమతి 6 కోట్లు. అదీ కలిపాం. లోటు 4 కోట్లు. అంటే జనం రెట్టింపై, దేశంలోకెల్లా పెద్ద కప్పు గెలిచినా ఊహా క్లబ్బు నష్టంలోనే ఉంది. వచ్చే ఏడాది కప్పు గెలవకపోతే లోటు మళ్లీ 10 కోట్లు.

ఈ లోటు ఎవరు పూడుస్తారు? యజమాని. ప్రతి ఏడాదీ, తన జేబులోంచి. మన దేశంలో చాలా ఫుట్‌బాల్ క్లబ్బులు నడిచే తీరు ఇదే. అంటే మనం క్లబ్బు బలం అనుకుంటున్నది నిజానికి ఒక మనిషి లేదా ఒక సంస్థ ఓపిక. వాళ్ల అసలు వ్యాపారంలో ఒక చెడ్డ ఏడాది వస్తే, లేదా మనసు మారితే, లోటు పూడ్చే చెయ్యి ఆగిపోతుంది. జట్టు ఎంత బాగా ఆడుతోందన్నదానితో దీనికి సంబంధం లేదు.

ఇలాంటి రుణ దరఖాస్తు మన టేబుల్ మీదికి వస్తే మనం అడిగే మొదటి మాట: "ఈ లోటు పూడుస్తానని యజమాని రాతపూర్వకంగా హామీ ఇచ్చాడా? ఎన్నేళ్లకు?" అభిమానులు ఆ ప్రశ్న అడగరు. ఎవరిని అడగాలో కూడా వాళ్లకు తెలియదు.

జీతం తేదీ చెప్పే నిజం

నా ఉద్యోగ జీవితంలోని ఒక అనుభవం చెప్తాను. చాలా ఏళ్ల క్రితం నేను పనిచేసిన ఒక శాఖలో ఒక చిన్న సంస్థ జీతాల ఖాతాలు ఉండేవి. ప్రతి నెలా 1వ తేదీన జీతాల ఫైలు వచ్చేది. ఒక నెల 3న వచ్చింది. తర్వాత 7న. ఆ పైన 12న. బ్యాలెన్స్ షీట్‌లో లాభమే కనిపిస్తోంది, యజమాని కారు మారింది, ఆఫీసుకు కొత్త రంగులు పడ్డాయి. కౌంటరు దగ్గర మాత్రం ఆ సంస్థ వాచ్‌మన్ రోజూ వచ్చి "సార్, పడిందా?" అని అడిగేవాడు. మేం ఆడిట్ అయిన లెక్కలనే నమ్మాం. వాచ్‌మన్ ప్రశ్నను లెక్కలోకి తీసుకోలేదు. ఏడాది తిరగకుండా ఆ ఖాతా మొండి బకాయి అయింది.

ఆ రోజు నుంచి నాకు ఒక అలవాటు ఏర్పడింది. ఏ సంస్థ ఆరోగ్యం చూడాలన్నా ముందు జీతాల తేదీ చూస్తాను.

మన బ్యాంకుల్లో కంతు కట్టాల్సిన తేదీ దాటితే ఖాతాను మెట్లు మెట్లుగా గమనిస్తాం. 30 రోజుల వరకు ఒక మెట్టు, 60 వరకు రెండోది, 90 వరకు మూడోది, 90 దాటితే నిరర్థక ఆస్తి. ఫుట్‌బాల్‌లోనూ ఇలాంటిదే ఒకటి ఉంది. ఫిఫా నిబంధన ప్రకారం క్లబ్బు కనీసం రెండు నెలల జీతం బకాయి పెడితే ఆటగాడు రాతపూర్వకంగా నోటీసు ఇచ్చి, కనీసం 15 రోజులు గడువు ఇవ్వాలి. అప్పటికీ చెల్లించకపోతే తగిన కారణంతోనే ఒప్పందం తెంచుకుని వెళ్లిపోవచ్చు. అప్పు ఇచ్చిన బ్యాంకుకు 90 రోజుల గడియారం ఉంటే, చెమటోడ్చిన ఆటగాడికి 60 రోజుల గడియారం ఉందన్నమాట.

2023-24లో ఆటగాళ్లు వెళ్లిపోతున్నప్పుడు మా అబ్బాయి కోపంతో "డబ్బు కోసం వదిలేస్తున్నారు" అన్నాడు. అప్పుడు వాణ్ని ఒక్కటే అడిగాను: "నాకు మూడు నెలలు జీతం రాకపోతే మన ఇంటి అద్దె ఎలా కడతాం రా?" వాడు కాసేపు ఊరుకుని, "మరి జెర్సీలు ఉతికేవాళ్లకి, బస్సు డ్రైవర్‌కి ఫిఫా గడియారం ఉందా?" అని తిరిగి అడిగాడు. లేదు. పెద్ద ఆటగాడికి ఏజెంటు, వకీలు, ఫిఫా ఉంటారు. చిన్న ఉద్యోగికి కౌంటరు దగ్గరకొచ్చి "పడిందా సార్?" అని అడగడం తప్ప వేరే దారి ఉండదు.

క్లబ్బు ఎవరిది?

పార్కులో అసలు వాదన ఇక్కడ మొదలైంది. నేను యజమాని పక్షం మాట్లాడాను. జిందాల్ గ్రూపు తీసుకోకపోయి ఉంటే ఆ క్లబ్బు అసలు మిగిలేదా? నష్టం భరించేవాడికి వ్యాపారం ఎక్కడ చేసుకోవాలో నిర్ణయించుకునే హక్కు ఉండదా? పైగా అది ఎలాంటి సమయం? 2010లో ఫుట్‌బాల్ సమాఖ్య చేసుకున్న 15 ఏళ్ల హక్కుల ఒప్పందం 2025 డిసెంబరులో ముగియాల్సి ఉండింది. ఆ ఒప్పందం సంగతి తేలక జులైలోనే నిర్వాహకులు కొత్త సీజన్‌ను పక్కన పెట్టారు. లీగ్ ఎప్పుడు మొదలవుతుందో తెలియని రోజుల్లో డబ్బు పెట్టడానికి ముందుకొచ్చినవాణ్ని తప్పు పట్టడం సబబా?

మలయాళీ మిత్రుడు తల అడ్డంగా ఊపాడు. "షేర్లు యజమానివే, కాదనను. కానీ వర్షంలో తడిసి పాట పాడినవాడి సంగతేంటి? దక్కన్ లీజియన్ కుర్రాళ్లు జట్టు ఓడిపోతున్న రోజుల్లోనూ స్టేడియానికి వచ్చారు. వాళ్లు లేకపోతే నువ్వు కొన్నది ఏమిటి? ఇరవై రెండు మంది పరుగెత్తే గడ్డి నేల."

ఆలోచిస్తే అది భావుకత కాదు, లెక్కే అనిపించింది. స్పాన్సరు డబ్బు ఇచ్చేది జనం చూస్తారని. టీవీ హక్కులు అమ్ముడయ్యేది జనం చూస్తారని. అంటే క్లబ్బుకున్న అసలు ఆస్తి అభిమానే. కానీ ఆ ఆస్తి బ్యాలెన్స్ షీట్‌లో కనిపించదు, ఆ ఆస్తికి ఓటు హక్కూ లేదు. మన దివాలా చట్టంలో ఒక కంపెనీ మూతపడితే ఎవరికి ముందు చెల్లించాలో వరుస ఉంది. దివాలా ప్రక్రియ ఖర్చుల తర్వాత తాకట్టు ఉన్న రుణదాతలు, వారితో సమానంగా కార్మికుల 24 నెలల బకాయిలు, ఆపైన ఉద్యోగులు, ఇతరులు, చివరికి వాటాదారులు. ఆ వరుసలో అభిమాని ఎక్కడా లేడు. ఆరేళ్లు వెచ్చించినవాడికి అప్పులవాళ్ల జాబితాలో ఆఖరి స్థానం కూడా లేదు.

ప్రపంచంలో ఈ ప్రశ్నకు వేర్వేరు జవాబులు ఉన్నాయి.

జర్మనీలో 1998 నుంచి ఒక నియమం ఉంది. పెట్టుబడిదారులు వాటాలు కొనవచ్చు, కానీ ఓట్లలో సగానికి పైగా సభ్యుల సంఘం చేతిలోనే ఉండాలి. లెవర్‌కూజెన్, వోల్ఫ్స్‌బర్గ్ వంటి ఒకటి రెండు మినహాయింపులు తప్ప దాదాపు అందరికీ ఇదే సూత్రం. బయర్న్ మ్యూనిక్‌లో 75 శాతం సభ్యుల సంఘానిదే. మిగతాది మూడు పెద్ద కంపెనీలు సమానంగా పంచుకున్నాయి.

ఇంగ్లండ్‌లో దీనికి వ్యతిరేక ఉదాహరణ మాంచెస్టర్ యునైటెడ్. 2005లో గ్లేజర్ కుటుంబం దాన్ని సుమారు 79 కోట్ల పౌండ్లకు కొన్నది, అదీ ఎక్కువ భాగం అప్పు తెచ్చి. ఆ అప్పులో పెద్ద వాటా చివరికి క్లబ్బు నెత్తినే పడింది. ఇల్లు కొనేవాడు గృహరుణం తీసుకుని తన జీతంలోంచి కంతులు కడతాడు. ఇక్కడ కొన్న ఇల్లే కూలికి వెళ్లి తన కంతు తానే కట్టుకున్నట్టయింది. కోపం వచ్చిన అభిమానులు కొందరు అదే ఏడాది ఎఫ్‌సీ యునైటెడ్ ఆఫ్ మాంచెస్టర్ అనే సొంత క్లబ్బు పెట్టుకున్నారు.

మా అబ్బాయికి బాగా నచ్చింది మాత్రం వింబుల్డన్ కథ. 2002లో ఆ క్లబ్బు లండన్ వదిలి మిల్టన్ కీన్స్ వెళ్లడానికి అనుమతి వచ్చింది. అచ్చం మన జట్టులాగే. అభిమానులు బహిరంగంగా ఆటగాళ్లను ఎంపిక చేసుకుని, ఏఎఫ్‌సీ వింబుల్డన్ పేరుతో కింది స్థాయి లీగ్ నుంచి మొదలుపెట్టారు. తొమ్మిదేళ్లలో, 2011లో, ఫుట్‌బాల్ లీగ్‌లోకి తిరిగి వచ్చారు. 2020లో తమ పాత పేటలోనే కొత్త స్టేడియంలో అడుగుపెట్టారు. 2025లో బ్రిటన్ ఒక చట్టం చేసి స్వతంత్ర నియంత్రణ సంస్థను కూడా పెట్టింది. క్లబ్బు ఆర్థిక స్థితితో పాటు సొంత మైదానం, పేరు, రంగుల వంటి వారసత్వానికీ అందులో రక్షణ ఉంది.

అయితే అభిమానుల చేతిలో ఉంటే అన్నీ సవ్యంగా జరుగుతాయా? జరగవు. బార్సిలోనా సభ్యుల సొంత క్లబ్బు, అధ్యక్షుణ్ని వారే ఎన్నుకుంటారు. అయినా 2021లో దాని అప్పు 135 కోట్ల యూరోలని కొత్త అధ్యక్షుడే ప్రకటించాడు. అదే వేసవిలో మెస్సీని నిలుపుకోలేకపోయింది. ఓటు వేసే సభ్యుడికి కూడా ఈ ఏడాది కప్పే కావాలి, పదేళ్ల తర్వాతి అప్పు కనబడదు. అప్పు చేసి పప్పుకూడు తినడానికి యజమానే అక్కర్లేదు.

మన దేశంలో కూడా అభిమానుల మాట నెగ్గిన సందర్భం ఉంది. 2020లో మోహన్ బగాన్ ఫుట్‌బాల్ విభాగంలో 80 శాతం వాటా ఆర్‌పీఎస్‌జీ గ్రూపుకు వెళ్లింది, జట్టు పేరు ముందు ఏటీకే చేరింది. వందేళ్లు దాటిన పేరు ముందు కొత్త అతుకు అక్కర్లేదని అభిమానులు మూడేళ్లు పట్టు వదల్లేదు. 2023 మార్చిలో కప్పు గెలిచిన రాత్రే ఆ అతుకు తీసేస్తున్నట్టు యజమాని ప్రకటించారు.

ఒకప్పటి పద్ధతి

ఈ చర్చలో ఢిల్లీ పెద్దాయన మరో మాట గుర్తుచేశారు. 1951లో మొదటి ఆసియా క్రీడలు జరిగింది ఈ ఢిల్లీలోనే. నేషనల్ స్టేడియంలో ఇరాన్‌ను 1-0తో ఓడించి మనం ఫుట్‌బాల్ స్వర్ణం గెలిచాం. ఆ జట్టు కోచ్ హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తాలో మళ్లీ ఆసియా స్వర్ణం ఆయన హయాంలోనివే. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా అయిదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఫ్రాంచైజీలు రాకముందే ఢిల్లీకి, హైదరాబాద్‌కు ఫుట్‌బాల్ బంధుత్వం ఉందన్నమాట.

ఆ జట్టును నడిపింది లాభం కాదు, పోలీసు శాఖ. అప్పట్లో ఆటగాళ్లకు శాఖల్లో, రైల్వేల్లో ఉద్యోగాలు ఉండేవి. తర్వాత బ్యాంకులూ అదే బాట పట్టాయి. చెన్నైలో ఇండియన్ బ్యాంక్, కేరళలో స్టేట్ బ్యాంక్ ఆఫ్ ట్రావెన్‌కోర్ జట్లు జాతీయ లీగ్ దాకా ఆడాయి. కోట్లు ఉండేవి కావు కానీ 1వ తేదీన జీతం ఉండేది, కాలు విరిగినా ఉద్యోగం ఉండేది. క్రీడా కోటాలో చేరి, బూట్లు విప్పాక మన కౌంటర్లలో పనిచేసిన సహోద్యోగులు మనలో చాలామందికి తెలుసు. ఆ పద్ధతి మళ్లీ యథాతథంగా రాదు. కానీ ఆటగాడి బతుకు యజమాని మనసు మీద కాక ఒక వ్యవస్థ మీద ఆధారపడాలన్న దాని మూలసూత్రం పాతబడలేదు.

అభిమాని అడగాల్సిన అయిదు ప్రశ్నలు

మా అబ్బాయి, నేను కలిసి ఒక కాగితం మీద రాసుకున్నవి ఇవి. ఫుట్‌బాల్ క్లబ్బుకే కాదు, మన పిల్లలు రేపు ఉద్యోగంలో చేరబోయే కంపెనీకి, మనం డబ్బు దాచుకునే సంస్థకూ ఇవి పనికొస్తాయి.

1. లోటు ఎంత, దాన్ని పూడ్చేది ఎవరు? ఆ చెయ్యి ఒక్కటే అయితే, అది ఆగిపోయిన నాడు ఏమవుతుంది?

2. జీతాలు ఏ తేదీన పడుతున్నాయి? అతి చిన్న ఉద్యోగికి కూడా అదే తేదీన పడుతున్నాయా?

3. రాబడిలో ఎంత భాగం జీతాలకు పోతోంది? యూరప్‌లో పోటీల్లో ఆడే క్లబ్బులకు జట్టు ఖర్చు రాబడిలో 70 శాతం దాటకూడదన్న హద్దు పెట్టారు. మన ఊహా క్లబ్బులో 13 కోట్ల రాబడికి జీతాలే 18 కోట్లు. ఆ ఒక్క అంకె చాలు ప్రమాదం పసిగట్టడానికి.

4. అప్పు ఎవరి పేరున ఉంది? కొన్నవాడి పేరునా, కొన్న సంస్థ పేరునా?

5. పేరు, ఊరు, రంగులు మార్చాలంటే ఎవరిని అడగాలి? ఎవరినీ అడగనక్కర్లేదంటే, అది మనదని అనుకోవడానికి ముందు ఒకసారి ఆలోచించుకోవాలి.

ఇవి అడగడం అభిమానానికి విరుద్ధం కాదు. కప్పు గెలిచిన రాత్రి ఎవరూ అడగరు, జీతాలు ఆగిన తర్వాత అందరూ అడుగుతారు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఉంటుంది. అడగాల్సిన సమయం గెలుస్తున్నప్పుడే.

చివరిగా

మొన్న ఆదివారం చిల్లా స్పోర్ట్స్ కాంప్లెక్స్ నుంచి ఆడి తిరిగి వస్తూ పెద్దాయన మా అబ్బాయితో అన్నారు: "ఆ జట్టు మీద నీకు కోపం ఉంటే ఉండనీ. కానీ అందులో ఆడే కుర్రాళ్లు ఏ తప్పూ చేయలేదు. ఒకరోజు ఇద్దరం కలిసి వెళ్దాం. నేను డైనమోస్ స్కార్ఫ్ వేసుకుంటాను, నువ్వు నీ పసుపు జెర్సీ వేసుకో."

మా అబ్బాయి వెంటనే సరే అనలేదు. ఇంటికొచ్చాక అయిదు ప్రశ్నల కాగితం తీసి అయిదోదాని కింద గీత గీశాడు. "అంకుల్‌తో వెళ్తాను నాన్నా. చూస్తాను. చప్పట్లు కూడా కొడతాను. కానీ నా జట్టు అని మాత్రం ఇప్పుడే అనను. ముందు దీనికి జవాబు రావాలి" అన్నాడు.

జెర్సీ వాడికి బిగుతైపోయింది. కొత్తది కొనిపెడతానంటే వద్దన్నాడు. వాళ్లమ్మ దాన్ని ఉతికి, మడతపెట్టి, బదిలీకి సర్దుకునే సూట్‌కేసులో మళ్లీ అన్నిటికంటే పైన పెట్టింది.

ఇంట్లో పిల్లలతో చర్చించండి:

అ) మీ కుటుంబ నెలసరి జమాఖర్చుల్లో 'లోటు పూడ్చే చెయ్యి' ఎవరిది? అది మూడు నెలలు ఆగితే ఏర్పాటు ఏమిటి?

ఆ) మన ఊరి జట్టుకు పెట్టుబడిదారూ కావాలి, ఊరి మాటా నెగ్గాలి అనుకుంటే మీరు ఎలాంటి నియమం రాస్తారు?

ఇ) 'మనది' అనుకుంటున్న సంస్థల్లో ఎన్నిటిలో మనకు నిజంగా మాట చెల్లుతుంది? అపార్ట్‌మెంట్ సంఘం నుంచి మన ఉద్యోగుల సహకార పరపతి సంఘం దాకా ఒక్కొక్కటీ తీసుకుని చూడండి.